నవ్వులగౌరి వాయనము

హరితాక్షుడను ముని వృద్ధశ్రవుని చేరి, "స్వామీ! ఈ కాలపు జనులకు మేడలున్నవి, కార్లున్నవి, మొగమున నవ్వు మాత్రము లేదు. ఏ నోము నోచిన అది కలుగును?" అని అడిగెను. అంతట వృద్ధశ్రవుడు నవ్వులగౌరి నోమును చెప్పెద వినుమని ఇట్లు పలికెను.

భాగ్యనగరమున సువర్చల అను ఇల్లాలు కలదు. ఇరుకు వాటాలో కాపురమున్ననాడు ఏటేట పసుపుముద్దతో గౌరిని నిలిపి, శనగలు, పండ్లు, తాంబూలము కొంగున కప్పి, ఇరుగుపొరుగు ముత్తయిదువలకు తానే వాయనమిచ్చెడిది. ఇచ్చినచోట కూర్చుండి కడుపుబ్బ నవ్వి లేచుట ఆ నోము నియమము. చేతిలో కాసు ఆడకున్నను ఆమెయు, భర్త సోమశేఖరుడును ఒకరినొకరు ఆటపట్టించుకొనుచు హాయిగా ఉండిరి.

గౌరి కరుణించెను. సోమశేఖరుని వ్యాపారము మూడు పువ్వులు ఆరు కాయలాయెను. పెద్ద అపార్టుమెంటున ఇల్లు కొనిరి. అంతట సువర్చలకు తీరిక కరవై, వాయనమును బంగారురంగు డబ్బాలో పెట్టించి, ఫోను నొక్కి, డెలివరీ మనిషిచేత ఎదురింటికి పంపెను. ఎదురింటికండీ! తలుపు తీసిన కనబడు ఇంటికి!

గౌరి అలిగెను. ధనము పోలేదు సుమా, నవ్వు పోయెను. ఆలుమగలు చెరియొక గదిలో ఫోను చూచుచు తినిరి. సంతోషము కొందమని కొండలపై విడిదికి పోయిరి. అక్కడను ఫొటో తీయునంతసేపే పళ్లు కనబడెను. మరుసటి ఏడు వెండిపళ్లెము చేర్చి డ్రైవరుచేత పంపెను. ఆపై మాటలును ఆగెను. ఒకనాడు సోమశేఖరుడు, "మనం కొన్నాళ్లు ఎవరికి వారం ఉందామా?" అనెను.

సువర్చల గౌరి ముందు కూలబడి ఏడ్చి ఏడ్చి కునుకు తీయగా, దేవి ముత్తయిదువయై తోచి, "నీ చేత్తో ఇచ్చావటే వాయనం?" అని గద్దించెను.

దిగ్గున లేచి, తలస్నానము చేసి, శనగలు కొంగున కప్పి, సువర్చల ఎదురింటి తలుపు తట్టెను. ఆ ఇంటి పెద్దావిడ మాణిక్యాంబ తలుపు తీసెను.

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం" అని ఆవిడ ఫక్కున నవ్వెను. "మొదటిసారి నువ్వు పంపినతను డబ్బా చాపితే, అలవాటు కొద్దీ ఈ మాటే అన్నాను. 'అది కాదమ్మా, ఓటీపీ చెప్పండి' అన్నాడే తల్లీ!"

సువర్చల నవ్వాపుకొనలేక గడపమీదనే చతికిలబడెను. ఆ నవ్వు విని సోమశేఖరుడు గది విడిచి పరుగున వచ్చి, "ఏమైందే?" అనెను. చెప్పబోయి ఆమె మరల నవ్వెను. సంగతి తెలియకయే ఆయనయు నవ్వెను. మువ్వురును అక్కడనే కూర్చుండి శనగలు తినిరి. విడిగా ఉందమను మాట ఆ ఇంట మరల పుట్టలేదు.

కావున ఎదురింటివారి పేరెరుగనివారు, ఒంటిగా తినువారు, అలిగిన ఆలుమగలు ఈ నోము నోచవలెను. కలవారు నోచిన నవ్వు కలుగును, లేనివారు నోచిన ఉన్న నవ్వు నిలుచును. శనగలు తక్కువైనను దోషము లేదు. ఇక అక్షతలు తలపై వేసికొని, ఫోన్లు ఇక్కడనే విడిచి, పొరుగింటికి నడువుడు.