మట్టెలు అడిగిన రాజకుమారుడు

ఇది ఎప్పటి మాటో ఎవరికీ లెక్క తెలియదు. ఉప్పుటేళ్ళ దేశాన్ని ఏలే రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు శివదత్తుడు, రెండోవాడు సోమదత్తుడు, చిన్నవాడు వేణుదత్తుడు. పట్టం కట్టుకునే ముందు ఒక్కసారి పగడాల దీవి చూసి వస్తానని పెద్దవాడు ఓడెక్కాడు. తిరిగి రాలేదు. అతన్ని వెతకడానికి రెండోవాడు వెళ్ళాడు. అతనూ రాలేదు. ఏడ్చి ఏడ్చి రాజుకు చూపు పోయింది. అప్పుడు చిన్నవాడు బయలుదేరాడు.

పగడాల దీవి ఏడు సముద్రాల అవతల ఉంది. ఉప్పునీళ్ళది ఒకటి, చెరకు రసానిది ఒకటి, పాలది ఒకటి, అలా ఏడు. ఒక్కోటి దాటడానికి ఒక్కో నెల. పెరుగు సముద్రంలో తెడ్డు వెయ్యడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి.

దీవిలో ఒక పగడాల మేడ. మేడలో ఉయ్యాలబల్ల మీద తరంగిణి అనే ఆమె కూర్చుని ఉంది. నడుము పైన చక్కని ఆడమనిషి. నడుము కింద కొండచిలువ. పదిమూరల పట్టు పరికిణీ పరుచుకుని కూర్చునేది కనుక కింది సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ఆ మొహం చూసినవాళ్ళకు కిందికి చూసే తీరిక ఉండేది కాదు. చుట్టూ దూలాలకు వేలాడే పంజరాలు, ప్రతి దానిలో ఒక చిలుక.

వేణుదత్తుడు అన్నల గురించి అడగబోయేలోపే ఆమె నవ్వి, చాలా దూరం నుంచి వచ్చావు, స్నానం చేసి రా, భోంచేశాక అన్నీ మాట్లాడుకుందాం అంది. గొంతు తేనెలా ఉంది. అతను సరేనని పెరటి బావి దగ్గరికి వెళ్ళాడు. అక్కడి పంజరంలో ఒక చిలుక తలకిందులుగా వేలాడుతోంది.

"నువ్వూ పెళ్ళికేనా?" అంది చిలుక.

"కాదు. మా అన్నల కోసం వచ్చాను."

"మీ అన్నలూ వేరే పనికే వచ్చి, దాన్ని చూసి పెళ్ళన్నారు. అదిగో, జామకాయ తింటున్నారు."

ఆ చిలుక కువలయ అనే రాజకుమార్తె. తరంగిణి స్నేహం చేస్తానంటే నమ్మి వచ్చింది. అక్కడ అన్నం తిన్నవాళ్ళు చిలుకలవుతారనీ, చిలుక తన పేరు మరిచిపోయిన మర్నాడు తరంగిణికి ఆహారమవుతుందనీ చెప్పింది. తను రోజూ నూరుసార్లు పేరు చెప్పుకుంటుందట. సోమదత్తుడికి ఇంకా గుర్తుంది. పెద్దవాడు మాత్రం ఈ పొద్దున్నే మరిచిపోయాడు.

వేణుదత్తుడు కువలయ చూపిన పెద్దన్న పంజరం దగ్గరికి వెళ్ళి, "అన్నయ్యా" అన్నాడు. మూడుసార్లు అన్నాడు. చిలుక జామకాయ మానలేదు. పేరు పెట్టి పిలవాలని నోరు తెరిచాడు, నాలుక తిరగలేదు. పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవకూడదు కదా. పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లో తమ్ముళ్ళకు అతను అన్నయ్య, నౌకర్లకు పెద్దదొర, తల్లిదండ్రులకు పెద్దబాబు. ఇలా అందరూ మర్యాద చేసీ చేసీ, పేరు అతని చెవిన పడే దారే లేకుండా చేశారు.

"ఆ తరంగిణి ప్రాణం ఎక్కడ ఉంది? ఏ చిలుకలో?" అని అడిగాడు కువలయను.

"చిలుకల్లో దాని ప్రాణం ఎందుకుంటుంది, మా ప్రాణాలే ఉన్నాయి. దాని బలమంతా మాటలో ఉంది. అది అబద్ధం ఆడదు. అడగనిది చెప్పదు. ఇచ్చిన మాట ఒక్కటి చెల్లించలేకపోయిన నాడు దాని మాయ పోతుంది. రాత్రిళ్ళు పెరట్లోకి జారుతూ వస్తుంటే చూశాను, దానికి కాళ్ళు లేవు, ఉన్నది తోకే."

వేణుదత్తుడు స్నానం చేసి వచ్చాడు. విస్తరి వేసి ఉంది. అతను కూర్చోలేదు. సంబంధం కుదరకుండా ఆడపిల్ల ఇంట్లో చెయ్యి కడగడం తమలో లేదన్నాడు. మా ఇంటి పద్ధతిలో పెళ్ళి జరిపిస్తావా అని అడిగాడు. తరంగిణికి ఆకలిగా ఉంది.

"మీ పద్ధతులన్నీ జరిపిస్తాను. ఒక్కటీ తప్పను. ఇదే నా మాట" అంది. ఆ పద్ధతులు ఏమిటని అడగలేదు. అడగనివాళ్ళను నమ్ముకుని బతికిన మనిషి, తనే అడగడం మరిచింది.

మొదట నుదుట బాసికం కట్టుకోమన్నాడు. కట్టుకుంది. తర్వాత జీలకర్రా బెల్లం నూరి తల మీద పెట్టమన్నాడు. పెట్టింది. ఆమెకు వేడుకగానే ఉంది. అంతవరకూ ఎవరూ ఆమెతో అంత దూరం రాలేదు. మూడోది మట్టెలు. కొన్ని ఇళ్ళలో తాళి ముందు, మట్టెలు తర్వాత. ఆ ఇంట్లో మట్టెలే ముందు. పచ్చడి నూరే సన్నికల్లు తెచ్చి ఉయ్యాల ముందు పెట్టి, వేణుదత్తుడు వెండి మట్టెలు పట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

"కుడికాలు దీని మీద పెట్టు."

తరంగిణి కదల్లేదు. ఉయ్యాల ఆగిపోయింది.

"చేతివేళ్ళకు పెట్టు" అంది.

"మట్టెలు కాలివేళ్ళకే."

"రేపు పెట్టుకుంటాను."

"ముహూర్తం ఇప్పుడే."

పరికిణీ అంచు కింద నుంచి నున్నని తోక కొస వచ్చి సన్నికల్లు మీద ఆనింది. దానికి వేళ్ళు లేవు. వేణుదత్తుడు మట్టెలు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"తెలిసే అడిగావు. నేను ఎవరికీ అబద్ధం చెప్పలేదు" అంది తరంగిణి.

"నేనూ చెప్పలేదు. నువ్వు అడగలేదు."

పంజరాలన్నీ ఒక్కసారే విరిగాయి. మేడ నిండా మనుషులు నిలబడ్డారు. తరంగిణి ఉయ్యాల దిగి, ఇసుక మీద పొడుగ్గా జారుతూ సముద్రంలోకి వెళ్ళిపోయింది. నుదుటి బాసికం విప్పుకోలేదు.

ఓడలో అందరూ తేరుకున్నారు గానీ శివదత్తుడు ఎవరు పలకరించినా ఊరికే చూసేవాడు. చిలుక రూపం పోయినా పేరు తిరిగి రాలేదు.

"మర్యాద ఒడ్డు చేరాక చూసుకోవచ్చు. పిలవండి" అంది కువలయ.

వేణుదత్తుడు కళ్ళు మూసుకుని, "శివదత్తా" అన్నాడు. ఆ రోజు నుంచి ఏడు సముద్రాల పొడుగునా పిలుస్తూనే ఉన్నాడు. మూడో సముద్రంలో అన్న తల తిప్పాడు. ఆరో సముద్రంలో నవ్వాడు. నోరు మాత్రం విప్పలేదు.

రేవులో గుడ్డి రాజు చేతులు చాచి నిలబడ్డాడు. ఒక్కొక్కరి మొహం తడిమి, ఎవరు నాయనా అని అడిగాడు. వేణుణ్ణి అన్నాడు చిన్నవాడు. సోముణ్ణి అన్నాడు రెండోవాడు. మూడో మొహం దగ్గర చెయ్యి చాలాసేపు ఆగింది.

"శివదత్తుణ్ణి, నాన్నా."

ఆ నెలలోనే పెద్దవాడికి పట్టాభిషేకం, చిన్నవాడికీ కువలయకూ పెళ్ళి జరిగాయి. శివదత్తుడు అరవై ఏళ్ళు చల్లగా ఏలాడు. ఆ అరవై ఏళ్ళూ పొద్దున్నే రాజును నిద్ర లేపింది చిన్న తమ్ముడే, పేరు పెట్టి. సభలో పెద్దలు మొదట్లో ముక్కున వేలేసుకున్నారు. తర్వాత వాళ్ళకూ అలవాటైంది.