సింగారం కట్టిన గూడు

మద్దివాగు అడవిలో కుందేళ్లు, ఉడుతలు, నెమళ్లు ఉండేవి. వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు మీద మాత్రం గిజిగాళ్లదే కాపురం. గడ్డిపోగులతో వేలాడే ఇళ్లు అల్లడం వాటికి ఎవరు నేర్పారో ఏమో!

అందులో సింగారం అనే గిజిగాడికి తన పనితనం మీద మహా గర్వం. వాడి పెళ్లాం గోరింట గూట్లో మూడు గుడ్లు పొదుగుతోంది.

ఒకరోజు మధ్యాహ్నం పడమట మబ్బు నల్లగా లేచింది. గాలి మొదలైంది. గూళ్లన్నీ ఊగసాగాయి.

పక్క గూటి బుడ్డన్న, అల్లుతున్న వాకిలిని సగంలో వదిలి కొమ్మ మీదికి ఎగిరాడు. గూడు వేలాడే ముడి చుట్టూ కొత్త నార బిగించసాగాడు.

సింగారం నవ్వాడు. "ఏం బావా! ఇంటికి చుట్టాలొస్తే ఆ సగం వాకిట్లో తల లోపల, తోక బయటా?"

"వాకిలి రేపు అల్లుకుంటాలే బావా. ముడి తెగితే వాకిలెక్కడ, ఇల్లెక్కడ?" అన్నాడు బుడ్డన్న, తల తిప్పకుండానే.

సింగారం మాత్రం తన పొడవాటి వాకిలికి అంచు కుట్టుకుంటూనే ఉన్నాడు.

లోపలినుంచి గోరింట పిలిచింది. "ఏమయ్యా, పైన ఏదో పుటుక్కుమంది. నాకు భయంగా ఉంది. ఒక్కసారి ముడి చూడవయ్యా."

"ఈ ఒక్క పోగూ పెట్టి వస్తానే."

గాలి పెరిగింది. మళ్లీ పుటుక్కుమంది.

"గుడ్లు దొర్లుతున్నాయయ్యా!"

"వస్తున్నా! ఇంకొక్క పోగు!"

పాపం, వాడు బద్ధకస్తుడు కాదు. ముక్కు నొప్పెట్టేలా పని చేస్తూనే ఉన్నాడు. ఆ పని మీది మోజులో పెళ్లాం మాట చెవికెక్కలేదు.

చివరికి పైకి చూస్తే ముడిలో మిగిలినవి రెండే పోగులు. సింగారం నార పట్టుకుని ఎగిరాడు. గాలి వాణ్ని వెనక్కి తోసేసింది. మళ్లీ ఎగిరాడు. మళ్లీ తోసేసింది.

పుటుక్!

గోరింట ఎగిరి బయటపడింది. గూడు, గుడ్లతో సహా, వాగులో పడింది. అంత చక్కని వాకిలి నీళ్ల మీద కూడా చక్కగానే తేలుతూ పోయింది.

గాలి తగ్గింది. బుడ్డన్న గూడు సగం వాకిలితో కొమ్మకు అలాగే ఉంది.

అయిదో రోజు సింగారం తలవంచుకుని మొదటి పోగు తెచ్చాడు. గోరింట కొమ్మ మీద వాలింది.

"ముందు ముడి వెయ్యి," అంది. "నేను లాగి చూశాకే మిగతాది."

నీతి: పని ఎంత బాగా చేస్తున్నామో చూసుకునే ముందు, ఇప్పుడు చేయవలసిన పని అదేనా అని చూసుకోవాలి.