చప్పటి బండ మీద చేప

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక మడుగు, మడుగు నిండా గూడబాతులు. ముక్కు కింద సంచీ వేలాడేసుకుని చేపలు పట్టే పెద్ద పక్షులవి. ఎండాకాలం వస్తే ఆ మడుగు ఎండిపోయేది. అప్పుడు గుంపంతా కొండ కనుమ దాటి అవతలి మడుగుకి వెళ్ళాలి. ఆ కనుమలో మూడు గాలులున్నాయి. ఒకటి పైకి లేపుతుంది, ఒకటి పక్కకి తోస్తుంది, మూడోది చెప్పాపెట్టకుండా వచ్చి కిందికి లాగుతుంది. ఈ మూడూ తెలిసిన దారిపక్షి ముందుంటేనే గుంపు ప్రాణాలతో బయటపడుతుంది.

దారిపక్షి కావాలంటే మూడు నెలలు కొండకొమ్మున ఉండి గాలిని నేర్చుకోవాలి. అక్కడ చేపలుండవు. కిందికి దిగి వేటాడి మళ్ళీ ఎక్కేసరికి ఆ రోజు కాస్తా అయిపోతుంది. అందుకని నేర్చుకునేవాడికి అక్కో చెల్లో రోజూ చేపలు మోసుకెళ్ళి పెట్టేది. అది వాళ్ళ ఆచారం. చెల్లికి అన్న మోసుకెళ్ళడం మాత్రం ఎవరూ ఎరగరు. అందుకే దారిపక్షులందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళకి గాలి పట్టుబడదని అందరూ నమ్మేశారు. ఎప్పుడైనా నేర్చుకోనిచ్చి చూశారా అని మీరడగచ్చు. నేనూ అదే అడుగుతున్నాను.

అప్పటి దారిపక్షి పేరు ముక్కన్న. ముసలితనం వచ్చి ఎడమ రెక్క కీలు పట్టేసింది. ఇక ముందుండి నడపలేడు. కొత్తవాళ్ళు కావాలి. గుంపుకి పెద్ద అతని అక్క దొడ్డక్క. ఆమె ఒక మాట చెప్పింది. ఇకనుంచి రోజుకో గూటివాళ్ళు కొండ మీది చప్పటి బండపై ఒక చేప పెట్టాలి. గాలి నేర్చుకోవాలనుకునే ఆడపిల్లకే ఆ చేప. ఆ మాట అన్నరోజే గవ్వ అనే పిల్ల ముందుకొచ్చింది.

వెంటనే బూరుగు లేచాడు. గాలివానకి గూడు కూలినప్పుడు అతని ఇంట్లో మిగిలింది అతనొక్కడే.

"నాకూ చేప మోసేవాళ్ళు లేరు దొడ్డమ్మా. మగపిల్లాడిగా పుట్టినందుకు నాకు లేదా?" అన్నాడు.

గూళ్ళవాళ్ళు ఒక్క చేపకే సణుగుతున్నారనీ, రెండోది అడిగితే అదీ ఇదీ రెండూ పోతాయనీ దొడ్డక్క చెప్పింది. చెబుతున్నంతసేపూ బూరుగు మొహంలోకి చూడలేకపోయింది. వాడన్నది అన్యాయం కాదని ఆమెకి తెలుసు.

ముక్కన్నకి మాత్రం అనుమానం పట్టుకుంది. ఆయనకి అనుమానం కొత్తేమీ కాదు. ఎండ బాగా కాస్తే వానని ఎవరో దాచారనేవాడు. ఊరికే తిండి పెడితే ఎవరు నేర్చుకుంటారు? మెక్కి కూర్చుంటుంది, అంతే. ఇదే చూసి తేల్చాలని కొండెక్కి పొద చాటున నక్కాడు.

మొదటిసారి చూస్తే గవ్వ చేపలో సగమే తింది. ఆకలి లేనిదానికి చేపెందుకు అనుకున్నాడు.

రెండోసారి చూస్తే మిగతా సగం సంచీలో వేసుకుని కొండ వెనక్కి పోయింది. ఇంకేముంది, దొంగ దొరికింది. ఆ నాలుగడుగులూ వేసి కొండ వెనక ఏముందో చూడచ్చు కదా? చూడలేదు. తిన్నగా కిందికి దిగి, మీ చేపల్ని ఆ పిల్ల ఎవరికో చేరవేస్తోందని గూడు గూడుకీ చెప్పాడు. దొడ్డక్క ఆగమన్నా వినలేదు. గవ్వని ఎవరూ ఒక్క మాట అడగలేదు. మర్నాడు బండ మీద చేప లేదు. ఆ మర్నాడూ లేదు.

పది రోజులు పోయాక, గవ్వ కొండ దిగి పారిపోయే ఉంటుందని ముక్కన్న మూడోసారి చూడబోయాడు. గవ్వ గాలిలోనే ఉంది, కాకపోతే బాగా చిక్కిపోయింది. ఇంతలో కింద నుంచి ఎవరో రొప్పుతూ వచ్చి వాలారు. బూరుగు. సంచీలోంచి చేప తీసి గవ్వ ముందు పెట్టాడు.

"ఇవాళ నీ వంతు, తిని నేర్చుకో. రేపు నువ్వు వేటకెళ్ళు, నేను నేర్చుకుంటాను. నీకున్నప్పుడు కొండ వెనకున్న నాకు సగం తెచ్చి పెట్టావు కదా," అన్నాడు.

పొద చాటు నుంచి ముక్కన్న అంతా చూశాడు. మగపక్షి ఆడపక్షికి చేప మోసుకురావడం ఆయన పుట్టాక చూడలేదు. సిగ్గేసింది. కానీ కిందికొచ్చి ఆ మాట ఎవరికీ చెప్పలేదు. తప్పు ఒప్పుకోవడం ఆయనకి చేతకాదు.

ఈలోపు మడుగు బురదైపోయింది. ఇక ఆగడానికి లేదు. సగం రోజులు వేటకే పోవడంతో మూడో గాలి ఇద్దరికీ సగం సగమే వచ్చింది. ఎటునుంచి వస్తుందో బూరుగుకి తెలుసు. వచ్చాక దాంట్లోంచి ఎలా లేవాలో గవ్వకి తెలుసు. చేసేది లేక ఇద్దరూ ముందు నిలిచి గుంపుని నడిపారు.

కనుమ నడుమ మూడో గాలి కొట్టింది. బూరుగు ముందే అరవబట్టి గుంపు చాలావరకు పక్కకి తప్పుకుంది. చివరన వస్తున్న రెండు పక్షులు బండకి కొట్టుకుని రెక్కలు విరగ్గొట్టుకున్నాయి. పట్టేసిన రెక్కతో ముక్కన్న లోయలోకి జారిపోతున్నాడు. గవ్వ రివ్వున దిగి ఆయన ముందుకొచ్చింది.

"మామా, రెక్క ముడవకు. గాలిని చూడకు, నన్ను చూడు. నేను ఒరిగినట్టే ఒరుగు," అంది.

పొద చాటు నుంచి ఇన్నాళ్ళూ చూసిన పిల్లనే ఆయన మళ్ళీ చూశాడు. అది ఒరిగినట్టే ఒరిగాడు. బతికాడు.

అవతలి మడుగు చేరాక ముక్కన్న దొడ్డక్క పక్కన వాలాడు.

"ఆ పిల్లకి నిజంగా వచ్చంటావా అక్కా, లేక అదృష్టం కలిసొచ్చిందా?" అన్నాడు. చూశారా, ఇంకా అనుమానమే.

"నువ్వు గాలి నేర్చుకున్నప్పుడు నీకు చేపలు మోసిందెవరు?" అంది దొడ్డక్క.

"నువ్వే కదా."

"నీకు పెట్టేసి, దిగేముందు నేనూ కాసేపు ఆ గాలిలో ఎగిరేదాన్ని తమ్ముడూ. మూడోది కూడా నాకు పట్టు చిక్కింది. నీకు నేర్చుకోవాలనుందా అని నన్ను ఒక్కరూ అడగలేదు. నువ్వూ అడగలేదు."

గుంపు ఎలాగో ఒడ్డుకి చేర్చిన ఆ రెండు రెక్కలు విరిగిన పక్షుల వంక ముక్కన్న చూశాడు. బండ ఖాళీగా ఉన్న రోజులు ఆయనకి గుర్తొచ్చాయి. ఆ రెండూ మళ్ళీ ఎగరలేదు.

వానలు పడి గుంపు తిరిగొచ్చింది. మళ్ళీ గాలి నేర్చుకునే రోజులొచ్చాయి. మొదటి రోజు చప్పటి బండ మీద రెండు చేపలున్నాయి. ఒకటి ఆడపిల్లకి, ఒకటి ఎవరూ లేని పిల్లాడికి. రెండూ ముక్కన్న పెట్టినవే. పెట్టి పోలేదు, పక్కనే కాపలా కూర్చున్నాడు. ఇదేమిటని దొడ్డక్క అడిగితే, ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని అనుమానంగా ఉందన్నాడు.

నీతి: ఒకరికి ఎందుకు పెట్టారని అనుమానపడే ముందు, ఇన్నాళ్ళూ ఎవరికి పెట్టలేదో, ఇప్పుడు ఇంకా ఎవరు మిగిలిపోయారో నాలుగడుగులు నడిచి చూడాలి.