ఏడు, ఏడు, ఏడు, అయిదు

“వీళ్ళిద్దరిలో ఎవరు గొప్ప?” అని ఎవరైనా అడిగితే చాలు, కృపావరం మాస్టారికి ఉన్నట్టుండి చెముడు వచ్చేసేది. పక్కవీధిలో ఎవరో డ్రమ్ము తోలు బిగిస్తుంటే ఇక్కణ్ణుంచి పసిగట్టే చెవులే అవి. ఆ ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం పనిచేసేవి కావు. చిన్నప్పుడు చర్చిలో వాయించి, వయసులో ఉండగా ఊరూరా ఆర్కెస్ట్రాల్లో వాయించి, చివరకు కాకినాడలో ఒక పిండిమర పైనున్న మేడగదిలో డ్రమ్స్ నేర్పుతూ స్థిరపడ్డ మనిషి. శిష్యులు ఎక్కడెక్కడి సంగీతమో ఫోనుల్లో తెచ్చి వినిపించేవారు. ఆయన అన్నీ శ్రద్ధగా వినేవారు, బాగుందనేవారు. అంతకు మించి ఆయన నోట మాట రాబట్టడం ఎవరి తరమూ కాలేదు.

శశిరేఖ అంత తేలిగ్గా వదిలిపెట్టే రకం కాదు. ఆమె పగలు ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతుంది, సాయంత్రం ‘ఉప్పుగాలి’ అనే బృందంలో బేస్ గిటారు వాయిస్తుంది. బేస్ వాయించేవాళ్ళకు డ్రమ్మరు కాలు పెడలు మీద ఎప్పుడు పడుతుందో కనిపెట్టడం వచ్చి ఉండాలి. అందుకని మాస్టారి దగ్గర చేరి డ్రమ్స్ కూడా నేర్చుకుంది.

వాళ్ళు వాయించేది ప్రోగ్రెసివ్ మెటల్. ఎరగని వాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. మెటల్ అంటే వినగానే ఇరుగుపొరుగువాళ్ళు కిటికీలు మూసుకునే సంగీతం. దానికి ప్రోగ్రెసివ్ అన్న తోక తగిలిస్తే ఆ మోతకు లెక్కల చిక్కు కూడా జతవుతుంది. మామూలు పాటకు నాలుగేసి లెక్కన చప్పట్లు కొట్టుకుంటూ పోవచ్చు. వీళ్ళ పాటకు అలా కొట్టబోతే చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది, ఎందుకంటే అక్కడ ఏడు దెబ్బల లెక్క ఉంటుంది, అది అలవాటయ్యే లోపలే అయిదు వస్తుంది. ఇంత మోతలో ఇంత లెక్క ఎవరికి కావాలి అని మీరు అడగొచ్చు. నేనూ అలాగే అడిగాను. కానీ నలుగురు మనుషులు అంత చిక్కుదారిలో పడి వచ్చి, ఒకే దెబ్బ మీద కలిసి దిగినప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. అది మాత్రం విన్నవాళ్ళు ఎవరూ కాదనలేరు.

కిందటి చలికాలం విశాఖ సముద్రపుటొడ్డున జరిగిన కచేరీలో వాళ్ళు అలా దిగలేకపోయారు. శశిరేఖ కట్టిన పెద్ద పాట నడిమధ్యలో చెదిరిపోయింది. జనం ఈలలు వేశారు, ఎవరో నీళ్ళ సీసా కూడా విసిరారు. తిరుగు ప్రయాణంలో వ్యాను ఎక్కగానే నేరం డ్రమ్మరు ఫణి మీద పడింది. ఆ లోకంలో పాట చెడితే ముందు డ్రమ్మర్నే అంటారు, మన ఇళ్ళల్లో కూర చెడితే ముందు ఉప్పుని అన్నట్టు. “నీకు ఏడు రాదు ఫణీ. వచ్చని మమ్మల్ని నమ్మించావు” అని అన్నది శశిరేఖే. అతను ఎదురు చెప్పలేదు. మర్నాటి నుంచి రిహార్సలుకు రావడం మానేశాడు.

ఇప్పుడు హైదరాబాదులో మరో కచేరీ ఒప్పుకున్నారు. ఈసారి కూడా ఆ పాట చెదిరితే ఎవరి దారి వాళ్ళదేనని బృందంలో మిగిలిన ఇద్దరూ శశిరేఖ మొహం మీదే చెప్పేశారు. కాలేజీ రోజుల నుంచి ఆమె కూడగట్టుకున్న బృందం అది. నిలవాలంటే సరైన డ్రమ్మరు కావాలి. ఆ చోటుకు మాస్టారి శిష్యుల్లోనే ఇద్దరు కుర్రాళ్ళు ఆశపడుతున్నారు. ఒకడు జోయెల్, రెండోవాడు సత్తిపండు.

అందుకని శశిరేఖ ఒక సాయంత్రం మేడ మెట్లెక్కి వచ్చి, అడగకూడని ఆ ప్రశ్న అడిగేసింది.

“జోయెల్ కాళ్ళు రెండూ కుట్టుమిషనులా పోతాయి మాస్టారూ. ఒక్క దెబ్బ పెద్దదీ ఉండదు, ఒక్క దెబ్బ చిన్నదీ ఉండదు. ప్రపంచంలో పేరున్న మెటల్ డ్రమ్మర్లలో సగం మంది దారి అదేనండీ. సత్తిపండు అలా కాదు. వాడి ఎడం చెయ్యి గుసగుసలాడుతుంది. పెద్ద దెబ్బకీ పెద్ద దెబ్బకీ మధ్యలో వినీ వినపడకుండా ఏవో వేస్తాడు. ఒక్కోసారి కొట్టాల్సిన చోట కొట్టకుండా వదిలేస్తాడు, ఆ ఖాళీ కూడా బాగుంటుంది. మిగతా సగం మంది దారి అది. ఇద్దరి వీడియోలూ తీసి, నెమ్మది చేసి, పక్కపక్కన పెట్టి చూశాను. ఎంత చూసినా తేలట్లేదు. ఎవరు గొప్పండీ?”

“ఆ నూనె డబ్బా ఇలా అందుకోమ్మా” అన్నారు మాస్టారు. డ్రమ్ము పెడలు ఒకటి కీచుమంటోంది. దాని సందుల్లో చుక్క చుక్క నూనె వేయడంలో ఆయన మునిగిపోయారు.

“మాస్టారూ!”

“ఊఁ, ఇంకాస్త పట్టాలి.”

“మీరు చెప్పకపోతే నా బృందం పోతుందండీ” అంది శశిరేఖ. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. పిల్లలను గడగడలాడించే లెక్కల మేడం కళ్ళల్లో నీళ్ళు చూడటం మాస్టారికి కొత్త.

ఆయన నూనె డబ్బా పక్కన పెట్టారు. “ఆ పాట వాళ్ళిద్దరికీ వచ్చా?”

“వచ్చండీ. మా రికార్డింగు విని నేర్చుకున్నారు.”

“అయితే ఆదివారం నీ గిటారు పట్టుకురా. ఒక్కొక్కడితో ఒక్కోసారి వాయించు. అప్పటికీ తెలియకపోతే మళ్ళీ అడుగు.”

ఆదివారం పిండిమరకు సెలవు కాబట్టి కింద చప్పుడు లేదు. మాస్టారు తన ఫోనును కిటికీ గట్టు మీద పెట్టి, రికార్డింగు నొక్కి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. సత్తిపండు గోడకు చేరబడ్డాడు. జోయెల్ డ్రమ్స్ ముందు కూర్చుని, సీటు ఎత్తు సరిచేసుకుని, శశిరేఖకు తల ఊపాడు.

పాట నడుమ ఒక మలుపు ఉంది. ఏడు, ఏడు, ఏడు, అయిదు. మూడుసార్లు ఏడు నడిచి, నాలుగోసారి అయిదుతోనే తెగిపోతుంది. ఇంకో మెట్టు ఉందనుకుని కాలు దింపితే నేల తగిలినట్టు ఉంటుంది వినేవాళ్ళకు. పాటకంతటికీ అందం ఆ మలుపే. విశాఖలో చెదిరిందీ అక్కడే.

జోయెల్‌తో మొదటి సగం దివ్యంగా నడిచింది. మలుపు రాగానే గిటారు ఒకచోట దిగింది, డ్రమ్ము ఒకచోట దిగింది. జోయెల్ ఆగలేదు, కంగారు పడలేదు. ఏమీ జరగనట్టు తన లెక్కన తాను వాయించుకుంటూ పోయాడు. శశిరేఖ వేళ్ళు తడబడ్డాయి, కాసేపు దారి వెతుక్కున్నాయి, చివరకు పరుగున వచ్చి అతన్ని కలుసుకున్నాయి. పాట అయ్యేసరికి ఆమె మొహం కందిపోయి ఉంది.

“మలుపు దగ్గర ముందుకు దూకేశావు జోయెల్.”

“లేదక్కా” అన్నాడు జోయెల్. ఆ కుర్రాడికి మాటలు తక్కువ.

“ఫణి పాడుచేసిన చోటే నువ్వూ పాడుచేశావు” అని ఆమె నిట్టూర్చి, సత్తిపండును రమ్మంది.

సత్తిపండుతో పాట మొదటి నుంచి వేరుగా ఉంది. అవే దెబ్బలు, అదే వేగం, అయినా గదిలో గాలి ఎక్కువైనట్టు అనిపించింది. మలుపు వచ్చింది, పోయింది. ఎక్కడా చిన్న కుదుపు కూడా లేదు. ఆఖరి దెబ్బ పడగానే శశిరేఖ గిటారు పట్టుకునే ఎగిరి గంతేసింది.

“ఇదండీ మాస్టారూ వాయించడమంటే! మలుపు వెన్నలా జారిపోయింది చూశారా? నాకు తేలిపోయింది. సత్తిపండే!”

చోటు దక్కినవాడు సంతోషించాలి కదా. సత్తిపండు మెడ గోక్కున్నాడు. జోయెల్ నేల చూపులు చూస్తున్నాడు. ఇద్దరికీ తెలిసిన సంగతి ఏదో ఉంది, ఇద్దరూ చెప్పలేకపోతున్నారు.

“సత్తీ, మలుపులో ఆఖరున ఎన్ని వాయించావురా?” అన్నారు మాస్టారు.

“ఆరండీ.”

“పాటలో ఎన్ని ఉన్నాయి?”

“అయిదండీ.”

“మరి ఆరెందుకు వాయించావు?”

సత్తిపండు నసిగాడు. “అక్క ఆరు వాయించిందండీ.”

శశిరేఖ పకపకా నవ్వేసింది. పాట కట్టిందే ఆమె, పైగా రోజూ లెక్కలు చెప్పే మనిషి. అలాంటి మనిషిని పట్టుకుని అయిదూ ఆరూ తేడా తెలియలేదంటే నవ్వు రాక మరేం వస్తుంది? మాస్టారు ఫోనులో రికార్డయినది పెట్టారు. ఆమె వేళ్ళు మడుచుకుంటూ విన్నది. సత్తిపండుతో వాయించినదాంట్లో మలుపు దగ్గర ఇద్దరివీ ఆరు. జోయెల్‌తో వాయించినదాంట్లో అతనివి అయిదు, ఆమెవి ఆరు. ఆమె వెనక్కి జరిపి మళ్ళీ పెట్టింది. ఈసారి నవ్వు లేదు.

మెల్లగా అసలు సంగతి గుర్తొచ్చింది. పాట కట్టిన కొత్తలో అక్కడ ఆరే ఉండేది. చాలాకాలం అలాగే వాయించి, రికార్డింగుకు ముందు అయిదయితే పదునుగా ఉంటుందని ఆమే మార్చింది. మార్చిన సంగతి బుర్రకు తెలుసు. నింపాదిగా వాయిస్తే అయిదే వచ్చేది. పాట వేడెక్కి ఒళ్ళు మరిచిపోతే మాత్రం వేళ్ళు పాత దారినే పోతున్నాయి.

“అది నాకు చెప్పొచ్చు కదరా?” అంది సత్తిపండుతో.

“వాయించేటప్పుడు ఎలా చెప్తామక్కా? నువ్వు అటెళ్ళిపోయావు. నిన్నొక్కదాన్నీ వదిలేస్తామా ఏంటి?”

ఆమె జోయెల్ వైపు తిరిగింది. “మరి నువ్వు నాతో రావచ్చు కదా?”

జోయెల్ కాస్త ఆలోచించాడు. “నేనూ వచ్చేస్తే పాట ఎక్కడుందో ఎవరికి తెలుస్తుందక్కా?”

ఇద్దరి మాటా సబబుగానే ఉంది. శశిరేఖకు అదే వింతగా తోచింది. గిటారు ఒళ్ళో పెట్టుకుని నేల మీదే చతికిలబడింది. చిన్నబుచ్చుకోవాల్సిన మనిషి, ఆ క్షణాన కొత్త లెక్క దొరికిన పిల్లలా అయిపోయింది.

“ఇన్నాళ్ళూ వీళ్ళ చేతులు చూశాను, కాళ్ళు చూశాను. ఈ తేడా ఒక్క వీడియోలోనూ కనపడలేదండీ. వీడియోలో పక్కన వాయించేవాళ్ళు తప్పు చెయ్యరు కదా, ఇక ఎలా కనపడుతుంది? జోయెల్ పక్కనుంటే తప్పు తెలిసిపోతుంది, పాట దెబ్బతింటుంది. సత్తిపండు పక్కనుంటే పాట బతుకుతుంది, నా తప్పు మాత్రం నాకు ఎప్పటికీ తెలియదు. ఇప్పుడు ఎవరిని తీసుకోమంటారు?”

“ముందు నువ్వు అయిదు వాయించు” అన్నారు మాస్టారు.

ఆమె వాయించింది. కుర్రాళ్ళిద్దరూ చెరో పక్కన కూర్చుని చప్పట్లతో లెక్క పట్టారు. మొదట నింపాదిగా, తరవాత కొంచెం వేగంగా, తరవాత పాట అసలు వేగంతో. ఒకటి రెండుసార్లు ఆరు వచ్చింది. “అక్కా!” అని సత్తిపండు కేకేశాడు, ముగ్గురూ నవ్వుకున్నారు. కాసేపటికి వేళ్ళు దారికొచ్చాయి. అయిదు అయిదుగా, కత్తిరించినట్టు తెగింది. మలుపు దిగిన ప్రతిసారీ ఆమె మొహం విప్పారుతోంది. ఇక హైదరాబాదులో పాట నిలుస్తుందని ఆ గదిలో అందరికీ తెలిసిపోయింది.

అంత బాగా నడుస్తుండగా శశిరేఖ చెయ్యి ఆగిపోయింది. తీగల మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయింది. చప్పట్లు కూడా ఆగాయి.

“మాస్టారూ, విశాఖలో కూడా నేను ఆరే వాయించి ఉంటానండీ.”

ఆమె గిటారు తీసి పక్కన పెట్టేసింది.

“ఆ రోజు ఫణి జోయెల్‌లా నిలబడలేదండీ. సత్తిపండులా నాతో కూడా రాలేదు. ఒక్క క్షణం చెయ్యి ఆపి, నా వంక చూశాడు. లెక్క మర్చిపోయి నన్ను అందించమంటున్నాడు అనుకున్నాను. వ్యానులో అందరి ముందూ అతనికి ఏడు రాదన్నాను.” ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది, దాచుకోలేదు.

కృపావరం మాస్టారు కుర్చీ ఆమె దగ్గరకు జరుపుకుని కూర్చున్నారు.

“ఎందుకు చూశావని ఫణిని ఎప్పుడైనా అడిగావా అమ్మా?” అన్నారు.