నర్సింగ్ వంకర పాసులు

లాలాగూడలో మొయిజ్ ఉస్తాద్ దగ్గర క్లెమెంట్ అనే కుర్రాడు ఫుట్‌బాల్ నేర్చుకునేవాడు. బాల్ వాడి కాలికి తగిలిందంటే బంకలా అంటుకునేది. కానీ హాఫ్‌టైం దాటితే ఊపిరి అందేది కాదు. సెమీఫైనల్లో ఉస్తాద్ వాణ్ణి మధ్యలోనే బయటికి పిలిచేశాడు. ఫైనల్ వానలు తగ్గాక. అందులో ఆడిస్తాడో లేదోనని వాడికి నిద్ర లేదు.

"దమ్ము పెరగాలె ఉస్తాద్. ఏం చెయ్యమంటరు?"

"నర్సింగ్‌తోని జోడీ కట్టు. ఇద్దరికి ఒకటే బాల్. ఈ గోల్ కాడికెల్లి ఆ గోల్ దాంక ఉరుక్కుంట పాసులియ్యాలె. బాల్ ఆగొద్దు."

క్లెమెంట్ మొహం మాడిపోయింది. నర్సింగ్ తూర్పుకి తంతే బాల్ పడమరకి పోతుంది. గ్రౌండంతా వాణ్ణి చూసి నవ్వేది. నవ్విన వాళ్ళ పేర్లు నాకిప్పటికీ గుర్తే.

"వానితోనా? గ్రౌండు చుట్టు ఉరుకుమంటే ఉరుకుత గద!"

"చుట్లు గానుగెద్దు గూడ కొడ్తది," అన్నాడు ఉస్తాద్.

ఈ కాలం కోచ్‌లకి మెడలో విజిల్ లేనిదే మాట రాదు. ఆయనకి ఆ విజిలూ లేదు, రెండో మాటా లేదు. జోడీ మొదలుపెట్టింది.

క్లెమెంట్ కొట్టిన పాసు సరిగ్గా నర్సింగ్ కాలి ముందు పడేది. నర్సింగ్ కొట్టింది ఒకసారి వెనక్కి, ఒకసారి మురుగు మోరీ వైపు, ఒకసారి మేకల మధ్యకి. ప్రతిసారీ దాని వెంట పడాల్సింది క్లెమెంటే.

"కాలారా అది, చీపురా?"

"ఏం జెయ్యాలెనే అన్నా, అది నా మాట ఇంటలేదు."

వానాకాలమంతా ఇదే గోల.

ఒకరోజు క్లెమెంట్‌కి ఒళ్ళు మండింది. ఆ చివరి గోల్ దగ్గర్నుంచి ఒకటే పరుగున ఉస్తాద్ ముందుకొచ్చాడు.

"నా జోడీ మార్చుండ్రి ఉస్తాద్! ఒక్క పాసు సక్కగ రాదు, వాడు నిలవడి కొడ్తడు, నేను గ్రౌండంత ఉరుకుత, వానికి సెమట గూడ పట్టలే, ఫైనల్ నెత్తిమీదున్నది, గిట్లయితే నేను ఏం నేర్సుకున్నట్టు?"

ఉస్తాద్ వాడి అరచెయ్యి పట్టుకుని వాడి రొమ్ము మీదే పెట్టాడు.

"అంత దూరంకెల్లి ఉరికొచ్చి గింత తిట్టినవ్. నడుమ యాడన్న ఆగినవా?"

అరచేతి కింద ఊపిరి నిదానంగానే ఆడుతోంది.

క్లెమెంట్ బాల్ తీసుకుని నర్సింగ్ దగ్గరికి పోయి, వాడి కాలి ముందు మెల్లగా పెట్టాడు.

"కొట్టురా."

"ఎటు కొట్టాలె అన్నా?"

"నీ ఇష్టం."