ఖాళీ ఉయ్యాల

మంత్రసాని సన్యాసమ్మని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పేది కాదు. "పద" అనేది, అంతే. నోరు మూసుకుని వెనక నడవగలిగినవాళ్లే ఆవిడ దగ్గర పని నేర్చుకున్నారు. మిగతావాళ్లు పారిపోయారు.

అలా నిలిచిన నూకరత్నం ఓ సాయంత్రం అడిగింది. "పెద్దమ్మా, బంగారమ్మ కోడలు వరాలుకి నిరుడు వెన్ను మూసుకోని బిడ్డ పుట్టి, పాలైనా తాగకుండా పోయింది గదా. ఎవరి దిష్టంటావు?"

సన్యాసమ్మ మొహం గంటుపెట్టుకుంది. ఆ బిడ్డ పోయిన రోజున బంగారమ్మ ఆవిడని నడివీధిలో నిలబెట్టి "నీ చెయ్యి మంచిది కాదు" అంది. మర్చిపోయే మనిషి కాదు సన్యాసమ్మ. ఆ గడప మళ్లీ తొక్కనని ఒట్టేసుకుంది. అయినా లేచి కొంగు బిగించి, "పద" అంది.

ఆ ఇంట్లో కోడలికి నెల తప్పితే మూడో నెల దాటేదాకా ఆ మాట పైకి అనరు. విశేషమా అని ఎవరడిగినా "ఇక్కడెవరూ లేరు" అంటారు, చూరులో ఎవరో పొంచి వింటున్నట్టు. నూకరత్నం సన్యాసమ్మ వెనకే ఆ గడప దాటింది. నడవలో దూలానికి నిరుటి ఉయ్యాల ఇంకా వేలాడుతోంది. విప్పడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

సన్యాసమ్మ దాని పక్కన చతికిలబడి ఊపడం మొదలుపెట్టింది. దూలం కిర్రుమంది.

వంటింట్లోంచి బంగారమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఒసేయ్! ఖాళీ ఉయ్యాల ఊపుతావా? ఎవర్ని పిలుస్తున్నావే?"

"నీ మనవణ్ణి."

"ఇక్కడెవరూ లేరు!"

"లేరు కనకే వచ్చాను." సన్యాసమ్మ గుమ్మంలోకొచ్చిన కోడలి వైపు తిరిగింది. "అమ్మీ, మళ్లీ కడుపు రాకముందే మొదలెట్టమని పెద్దాసుపత్రి డాక్టరమ్మ బిడ్డ వెన్ను కోసం ఇచ్చిన ఫోలిక్ మాత్రలేవి?"

వరాలు అటక వైపు చూసింది. "మూడో నెల దాటాక ఇస్తానన్నారు అత్తమ్మ."

"లేని బిడ్డకి మందేంటే? అరిష్టం కాదూ!" అంది బంగారమ్మ. కానీ ఆవిడ కళ్లు ఉయ్యాల మీదున్నాయి.

సన్యాసమ్మ చేతులు ఎప్పుడో ఒళ్లోకి వచ్చేశాయి. ఉయ్యాల మాత్రం ఊగుతూనే ఉంది. ఆగుతుందని నూకరత్నం చూసింది. ఆగలేదు. లోపల ఎవరో ఒత్తిగిల్లినట్టు గుడ్డ ఓ పక్కకి బరువుగా దిగింది.

బంగారమ్మ పీట వేసుకుని తానే అటక మీదికి చెయ్యి పెట్టింది. మాత్ర తీసి, గ్లాసుతో నీళ్లు ముంచి, కోడలి చేతిలో పెట్టింది. "మింగు. రేపూ మింగు" అంది.

తనకీ నీళ్లందించబోతే సన్యాసమ్మ ముట్టుకోలేదు.

వీధి మలుపు తిరిగాక నూకరత్నం అడిగింది. "పెద్దమ్మా, మాత్ర వేస్తే ఇంక భయం లేదా?"

"ఇలాంటి పుట్టుకలన్నీ ఆగుతాయని డాక్టరమ్మ కూడా అనలేదు. చాలా ఆగుతాయంది."

"మరి ఆ ఉయ్యాల్లో... ఎవరు?"

సన్యాసమ్మ అడుగు తడబడలేదు, వెనక్కి తిరగలేదు.

"వాడు తలుపు తట్టి రాడే. వచ్చాడని ఆ ఇంట్లో తెలిసేసరికి, వాడి వెన్ను కట్టడం అయిపోతుంది."