బావి ఉన్న ఊరు

బావి లేని ఊళ్లకే కాలువ తవ్వాలని రాజుగారి ఆజ్ఞ. దివాను త్ర్యంబకయ్య గుర్రం దిగకుండానే, "బావి ఉందిగా! మీకు కాలువ అక్కర్లేదు" అనేశాడు. అందులో చుక్క నీళ్లు లేవంటే వినలేదు.

పూటకూళ్ల ఓబులమ్మకు ఒళ్లు మండింది. అయినా ఎండనపడి వచ్చిన ముసలాయన కదా అని భోజనానికి పిలిచింది. ఆకు వేసి, చుట్టూ మూతపెట్టిన గిన్నెలు పేర్చింది.

దివాను మూతలు తీశాడు. అన్నీ ఖాళీ!

"ఏంటమ్మా ఇది?"

"గిన్నెలున్నాయిగా దొరా! ఇంక అన్నం అక్కర్లేదేమో అనుకున్నా."

దివాను బిత్తరపోయాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. లేచి తనే వెళ్లి బావిలో చేద వేశాడు. అది రాళ్లకు తగిలి ఠంగుమంది.

"రేపే కాలువ పని మొదలెట్టిస్తా" అంటూ తిరిగొచ్చేసరికి ఆకులో వేడన్నం, పప్పు, గోంగూర ఉన్నాయి.

"కడుపునిండా తినండి దొరా" అంది ఓబులమ్మ ఆప్యాయంగా. "ఉన్న నీళ్లన్నీ వంటకే అయిపోయాయి. తాగడానికి మాత్రం మీ కాలువ రావాలి."